మన బోరు నీళ్ళతో హాట్ టబ్: క్లోరిన్, పీహెచ్, ఆల్కలినిటీ ఎట్టా సరిచేసుకోవాలి

నెల్లూరు, ఒంగోలులో కొత్త ఇళ్ళ డాబాల మీద, మైపాడు, కొత్తపట్నం వైపు బీచ్ కాడ కట్టుకున్న గెస్ట్ హౌసుల్లో ఇప్పుడు అక్కడక్కడా హాట్ టబ్, అంటే జెట్లు పెట్టిన వేడి నీళ్ళ తొట్టి, కనపడుతోంది. బిగించే వాళ్ళు వచ్చి కరెంటు ఇచ్చి, జెట్లు ఆన్ చేసి చూపించి, క్లోరిన్ డబ్బా ఒకటి చేతిలో పెట్టి పోతారు, నీళ్ళ సంగతి మాత్రం ఎవరూ చెప్పరు. సరే అని నెట్‌లో చూస్తే వీడియోలన్నీ దాదాపు అమెరికా వాళ్ళవే, మొదటి మాటే "ఆల్కలినిటీ పెంచండి" అంటారు. పీహెచ్ అంటే నీళ్ళు ఆమ్లమా క్షారమా చెప్పే అంకె, ఆల్కలినిటీ అంటే ఆ పీహెచ్‌ని కదలకుండా పట్టి ఉంచే గుణం. మనకి చానా చోట్ల కావాల్సింది ఆల్కలినిటీ పెంచడం కాదు, దించడం. బోరు నీళ్ళలో అది ముందే నిండుగా ఉంటుంది. వాళ్ళు చెప్పారు గదా అని దాంట్లో ఇంకా వంట సోడా పోస్తే పీహెచ్ ఎక్కి కూర్చుంటుంది, హీటర్ మీద తెల్లగా పొర కడుతుంది, క్లోరిన్ ఎంత పోసినా పనిచేయదు. అందుకని మన నీళ్ళకి తగ్గట్టు మొదటి నుంచి రాస్తున్నా, కొంచెం పెద్దదైనా ఓపిగ్గా చదవండి.

ముందు ఒక లెక్క. మీ టబ్ ఎన్ని లీటర్లో తెలుసుకోండి, మాన్యువల్లో ఉంటుంది, నలుగురు కూర్చునేవి మామూలుగా 1000 నుంచి 1500 లీటర్ల మధ్య ఉంటాయి. మాన్యువల్ పోయుంటే వాటర్ మీటర్ పెట్టి నింపండి, లేదా బకెట్ నిండటానికి ఎన్ని సెకన్లు పడుతుందో చూసుకుని టబ్ నిండిన టైముతో లెక్కేసుకోండి. ఇక్కడి నుంచి నేను చెప్పే మోతాదులన్నీ 1000 లీటర్లకి. మీది 1500 అయితే ఒకటిన్నర రెట్లు వేసుకోవాలి.

నింపేముందు నీళ్ళు టెస్ట్ చేయించండి

ఈ ఒక్క విషయంలో మనకి వేరే ఊళ్ళ వాళ్ళకి లేని సౌకర్యం ఉంది. ఇందుకూరుపేట, విడవలూరు, అల్లూరు, ఉలవపాడు, సింగరాయకొండ ఎటు పోయినా రొయ్యల చెరువులే, చెరువులున్న కాడల్లా ఆక్వా ల్యాబులు ఉంటాయి. లీటరు బాటిల్లో బోరు నీళ్ళు పట్టి ఇస్తే పీహెచ్, ఆల్కలినిటీ, హార్డ్‌నెస్ (నీళ్ళ కాఠిన్యం), కాల్షియం, మెగ్నీషియం అన్నీ రాసి కాగితం చేతిలో పెడతారు. ఐరన్ కూడా చూడమనండి. బోరు మోటారు వేసి పది నిమిషాలు నీళ్ళు పోనిచ్చిన తర్వాత పట్టండి, బాటిల్ నిండా పట్టి గాలి లేకుండా మూత పెట్టి అదే రోజు ఇచ్చేయండి, లేకపోతే పీహెచ్ మారిపోతుంది.

రిపోర్టులో ఒక చిన్న మెలిక ఉంది. హాట్ టబ్ వాళ్ళు చెప్పే కాల్షియం హార్డ్‌నెస్ అంటే కాల్షియం కార్బొనేట్ లెక్కలో. ల్యాబ్ కాగితం మీద ఉత్త కాల్షియం అని 80 ఉంటే దాన్ని రెండున్నరతో గుణించుకోవాలి, అంటే 200. టోటల్ హార్డ్‌నెస్ అని వేరే రాస్తారు, దాంట్లో మెగ్నీషియం కూడా కలిసుంటుంది, దాన్ని చూసి కంగారు పడొద్దు. ఇంకో మాట, చెరువుకి మంచిదని ల్యాబ్ అబ్బాయి చెప్పే అంకెలు టబ్‌కి పనికి రావు, రొయ్యకి కావాల్సింది వేరు మనకి కావాల్సింది వేరు. అంకెలు తీసుకోండి, సలహా ఇక్కడ చూసుకోండి.

టబ్‌లో ఉండాల్సినవి ఇవీ: పీహెచ్ 7.2 నుంచి 7.8, ఆల్కలినిటీ 80 నుంచి 120 పీపీఎం (లిక్విడ్ క్లోరిన్ వాడే వాళ్ళు ఇంకా కిందికి, 50 నుంచి 80 మధ్య పెట్టుకుంటే బాగుంటుంది, ఎందుకో కింద చెప్తా), కాల్షియం హార్డ్‌నెస్ 150 నుంచి 250, ఫ్రీ క్లోరిన్ (ఇంకా వాడిపోకుండా పనిచేసే క్లోరిన్) ఎప్పుడు చూసినా 3 పీపీఎంకి తగ్గకూడదు. పీపీఎం అంటే 1000 లీటర్లలో ఒక గ్రాము, అంతే.

మీ బోరు రిపోర్టులో ఆల్కలినిటీ 300, హార్డ్‌నెస్ 500 అని వస్తే ఆశ్చర్యపోవాల్సిన పని లేదు. అట్టాంటి నీళ్ళని మందులతో బాగుచేయాలని చూడొద్దు, నీళ్ళనే మార్చండి. వాటర్ ప్లాంట్ వాళ్ళ ఆర్‌ఓ నీళ్ళు తెప్పించి కలపడం అన్నిటికన్నా తేలిక, క్యాన్లు కాకుండా ట్యాంకుతో తెమ్మంటే తెస్తారు. అట్టని మొత్తం ఆర్‌ఓ పోయకండి. ఆర్‌ఓ నీళ్ళలో ఆల్కలినిటీ, కాల్షియం రెండూ దాదాపు ఉండవు, పీహెచ్ ఒక కాడ నిలవదు, నురగ వస్తుంది, ఇనుము రాగి భాగాల్ని నీళ్ళు తినేస్తాయి. ఆల్కలినిటీ 300 ఉన్న బోరు నీళ్ళు ఒక వంతు, 20 ఉన్న ఆర్‌ఓ రెండు వంతులు కలిపితే 113 దగ్గరికి వస్తుంది, లెక్క సింపులే: 300 ప్లస్ 20 ప్లస్ 20, మూడుతో భాగించడమే. కాల్షియం కూడా ఇట్టాగే లెక్కేసుకోండి. మున్సిపాలిటీ కుళాయి నీళ్ళు వచ్చే వాళ్ళు ముందు దాన్ని టెస్ట్ చేయించండి, నెల్లూరులో పెన్నా నీళ్ళు బోరు కన్నా మెత్తగా ఉంటే దానితోనే పని అయిపోవచ్చు.

సముద్రానికి దగ్గరున్న వాళ్ళు ఉప్పదనం కూడా చూడాలి. నోట్లో పోసుకుంటే ఉప్పగా తెలిసే బోరు నీళ్ళు టబ్‌లో పోస్తే హీటర్ గొట్టం స్టీలుదైనా సరే క్లోరైడ్‌కి చిల్లులు పడుతుంది. కనిగిరి, పొదిలి వైపు వాళ్ళకి ఇంకో గొడవ, అక్కడ భూగర్భ జలాల్లో ఫ్లోరైడ్ ఎక్కువ. స్నానానికి భయం లేదు కానీ క్లోరిన్ వేస్తే ఫ్లోరైడ్ పోదు, పిల్లలు ఆ నీళ్ళు మింగకుండా చూసుకోండి. ఐరన్ ఉన్న బోరు అయితే క్లోరిన్ పోసిన గంటలో నీళ్ళు టీ రంగుకి తిరుగుతాయి, గొట్టం చివర ఫిల్టర్ పెట్టి నింపుకోవాలి.

చేతిలో టీడీఎస్ మీటర్ ఉంది గదా చాలదా అని అడుగుతారు కొందరు, ఆర్‌ఓ మెకానిక్ ఇచ్చిపోయింది. చాలదు. అది మొత్తం కరిగిన లవణాలు ఎన్నో చెప్తుంది, అందులో ఏది ఎంతో చెప్పదు.

ఇంట్లో టెస్ట్ కిట్

రోజూ ల్యాబ్‌కి పోలేం గనక ఇంట్లో ఒక కిట్ ఉండాలి. ఇక్కడ జాగ్రత్త. పంచాయతీ నీళ్ళు చూసే వాళ్ళు క్లోరోస్కోప్‌లో చుక్కలు వేస్తే పసుపు రంగు వస్తుంది చూశారా, అది మొత్తం క్లోరిన్ చూపిస్తుంది, వాడిపోయిన క్లోరిన్ కూడా అందులో కలిసే ఉంటుంది. మనకి కావాల్సింది ఫ్రీ క్లోరిన్, అంటే ఇంకా పనిచేసే శక్తి ఉన్నది. దానికి డీపీడీ కిట్ కొనుక్కోవాలి, అది గులాబీ రంగు ఇస్తుంది. డీపీడీలో ఒక తమాషా ఉంది, క్లోరిన్ మరీ ఎక్కువైతే ఆ గులాబీ రంగు వచ్చినట్టే వచ్చి విరిగిపోయి నీళ్ళు ఏ రంగూ లేకుండా కనపడతాయి. అప్పుడు సున్నా అనుకుని ఇంకా పోస్తారు. అనుమానం వస్తే టబ్ నీళ్ళు ఒక వంతు, ఆర్‌ఓ నీళ్ళు నాలుగు వంతులు కలిపి మళ్ళీ చూసి వచ్చిన దాన్ని ఐదుతో గుణించండి.

స్ట్రిప్పులు కూడా దొరుకుతాయి, వాడొచ్చు, కానీ మన సముద్రపు గాలి తేమకి మూత సరిగా పెట్టకపోతే పాడైపోతాయి. తడి చేత్తో డబ్బాలో వేలు పెట్టొద్దు.

మొదట ఆల్కలినిటీ, తర్వాత పీహెచ్, ఆఖరికి క్లోరిన్

ఈ వరస మార్చకండి. ఆల్కలినిటీ అనేది పీహెచ్‌కి షాక్ అబ్జార్బర్ లాంటిది, అది తక్కువైతే పీహెచ్ ఎగిరెగిరి పడుతుంది, ఎక్కువైతే పీహెచ్ పైనే ఉండిపోయి ఎంత యాసిడ్ పోసినా మళ్ళీ అక్కడికే వస్తుంది. అందుకే ముందు దాన్ని సరిచేస్తే పీహెచ్ పని సగం అయిపోయినట్టే.

కలిపిన తర్వాత కూడా ఆల్కలినిటీ 160 ఉందనుకోండి, 80కి దించాలి. దించడానికి యాసిడ్ తప్ప దారి లేదు. 1000 లీటర్లలో 10 పీపీఎం దించాలంటే డ్రై యాసిడ్, అంటే సోడియం బైసల్ఫేట్, 24 గ్రాములు పడుతుంది, లేదా 30 శాతం హైడ్రోక్లోరిక్ యాసిడ్ 21 మిల్లీలీటర్లు. 80 దించాలంటే 190 గ్రాముల డ్రై యాసిడ్ అన్నమాట. ఒకేసారి పోయకండి. ముప్పై, నలభై గ్రాములు ఒక బకెట్ నీళ్ళలో కరిగించి, పంపు తిరుగుతుండగా నిదానంగా పోసి, అరగంట ఆగి పీహెచ్ చూడండి. పీహెచ్ 7.2 కన్నా కిందికి రాకముందే ఆపేయాలి. బాత్రూములు కడిగే యాసిడ్ మాత్రం వాడొద్దు, పచ్చగా ఉండే ఆ రంగు ఇనుమూ మురికీ వల్లే, దాని బలం ఎంతో సీసా మీద కూడా సరిగా ఉండదు.

ఇక్కడే చాలా మంది ఇరుక్కుంటారు: యాసిడ్ పోస్తే ఆల్కలినిటీ, పీహెచ్ రెండూ పడతాయి, పీహెచ్ 7.2కి వచ్చేసింది కానీ ఆల్కలినిటీ ఇంకా 130 దగ్గరే ఉంది, ఇప్పుడు ఏం చేయాలి? జెట్లన్నీ ఆన్ చేసి, గాలి వాల్వులు పూర్తిగా తెరిచి, మూత తీసి ఒక గంట వదిలేయండి. నీళ్ళలో ఉన్న కార్బన్ డయాక్సైడ్ బుడగలతో పాటు బయటికి పోతుంది, పీహెచ్ దానంతటదే పెరుగుతుంది, ఆల్కలినిటీ మాత్రం పెరగదు. మళ్ళీ కొంచెం యాసిడ్, మళ్ళీ గాలి. ఇట్టా రెండు మూడు రోజుల్లో మెల్లగా దిగిపోతుంది. పీహెచ్ పెంచడానికి సోడా పోసే పని లేదు, పోస్తే దించిన ఆల్కలినిటీ మళ్ళీ ఎక్కుతుంది.

హాట్ టబ్‌లో పీహెచ్ ఎప్పుడూ పైకే పోతుంటుంది, కారణం ఈ బుడగలే. ఆల్కలినిటీ ఎంత ఎక్కువుంటే అంత తొందరగా ఎక్కుతుంది. లిక్విడ్ క్లోరిన్ వాడే వాళ్ళని 50 నుంచి 80 మధ్య పెట్టుకోమన్నది ఇందుకే, వారానికి మూడు సార్లు యాసిడ్ పోసే బాధ తప్పుతుంది.

ఎవరికైనా ఆల్కలినిటీ నిజంగానే తక్కువుంటే, ఆర్‌ఓ ఎక్కువ పోసినప్పుడు అట్టా అవుతుంది, వంట సోడా 1000 లీటర్లకి 17 గ్రాములు వేస్తే 10 పీపీఎం పెరుగుతుంది. వంట సోడానే, బట్టల సోడా కాదు, బట్టల సోడా పీహెచ్‌ని ఒక్కసారిగా పైకి తోసేస్తుంది. కాల్షియం తక్కువైతే కాల్షియం క్లోరైడ్ 15 గ్రాములకి 10 పీపీఎం వస్తుంది. కాల్షియం ఎక్కువైతే తీసేయడానికి మందు లేదు, నీళ్ళు కొంత తీసి ఆర్‌ఓ పోయడమే. గీజర్ కాయిల్ మీద తెల్లగా పేరుకునేది చూసుంటారు, అది ఈ కాల్షియం కార్బొనేటే, నీళ్ళు వేడెక్కేకొద్దీ, పీహెచ్ పెరిగేకొద్దీ ఎక్కువగా బయటపడుతుంది, టబ్‌లో అన్నిటికన్నా వేడిగా ఉండేది హీటరే గనక ముందు దాని మీదే పడుతుంది.

పటిక వేస్తే నీళ్ళు తేటబడతాయి గదా అని పెద్దవాళ్ళు చెప్తారు. బిందెలో అడుగున మడ్డి దిగితే పైన నీళ్ళు తీసుకుంటాం, టబ్‌లో ఆ మడ్డంతా ఫిల్టర్‌లోకి పోయి పూడిపోతుంది, పైగా ఆల్కలినిటీ కూడా మనకి తెలవకుండా తగ్గుతుంది. వద్దు.

ఏ క్లోరిన్ వాడాలి

క్లోరిన్ నీళ్ళలో రెండు రూపాల్లో ఉంటుంది, అందులో క్రిముల్ని చంపేది హైపోక్లోరస్ యాసిడ్. పీహెచ్ 7.5 దగ్గర అది సుమారు సగం ఉంటుంది, 7.2 దగ్గర మూడింట రెండు వంతులు, 8కి పోయిందంటే నాలుగో వంతే మిగులుతుంది. అంటే కిట్‌లో 4 పీపీఎం అని కనపడుతూనే ఉంటుంది, లోపల పని సగానికి పడిపోయి ఉంటుంది. క్లోరిన్ చాల్లేదని ఇంకా పోసే ముందు పీహెచ్ చూడమనేది అందుకే.

బ్లీచింగ్ పౌడర్ వద్దు. చెరువులకి, బావులకి చల్లేది అదే గదా అంటారు, అందులో క్లోరిన్ మూడో వంతు మాత్రమే, మిగతాదంతా దాదాపు సున్నమే, మన నీళ్ళలో ఉన్న కాల్షియం చాలదన్నట్టు ఇంకా కలుపుతుంది, అడుగున తెల్లగా గసి మిగులుతుంది. మూడు అంగుళాల పెద్ద బిళ్ళలు, ట్రైక్లోర్ అంటారు, అవీ వద్దు, అవి స్విమ్మింగ్ పూల్‌కి, వేడి నీళ్ళలో తొందరగా కరిగి యాసిడ్ లాగా మారి టబ్ ఉపరితలాన్ని తినేస్తాయి.

మిగిలింది రెండు: డైక్లోర్ గుళికలు, లిక్విడ్ సోడియం హైపోక్లోరైట్. డైక్లోర్ వాడటం తేలిక, నిల్వ కూడా బాగుంటుంది, 1000 లీటర్లకి 1.8 గ్రాములు వేస్తే 1 పీపీఎం వస్తుంది. కానీ దాంతోపాటు సైన్యూరిక్ యాసిడ్ కూడా నీళ్ళలో చేరుతుంది, 10 పీపీఎం క్లోరిన్ వేస్తే 9 పీపీఎం ఇది. ఎండలో ఉండే పూల్‌కి అది మంచిది, క్లోరిన్‌ని ఎండ తినేయకుండా కాపాడుతుంది. హాట్ టబ్‌లో మాత్రం అది పేరుకునేకొద్దీ క్లోరిన్ క్రిముల్ని చంపే వేగం పడిపోతుంది, అది తగ్గాలంటే నీళ్ళు మార్చడమే. అమెరికా ఆరోగ్య సంస్థ సీడీసీ అయితే హాట్ టబ్‌లో ఇట్టాంటివి వాడొద్దనే చెప్తోంది. మూత వేసి ఉంచే టబ్‌కి ఎండ గొడవే లేదు గనక నా మాట అడిగితే లిక్విడ్ క్లోరినే మేలు. కరోనా టైములో వీధుల్లో కొట్టారే అదే, పూల్ కెమికల్స్ అమ్మే కాడ, వాటర్ ప్లాంట్లకి సామాను అమ్మే కాడ దొరుకుతుంది. బట్టలకి వాడే సెంటు కలిపిన బ్లీచ్ మాత్రం తేవొద్దు.

10 శాతం లిక్విడ్ అయితే 1000 లీటర్లకి 10 మిల్లీలీటర్లు పోస్తే 1 పీపీఎం. కొత్త నీళ్ళు పట్టిన మొదటి రోజు 50 మిల్లీలీటర్లు పోసి 5 పీపీఎంకి తీసుకురండి. దాంతో ఉన్న చిక్కల్లా ఎండే. రోహిణి కార్తెలో రోళ్ళు పగిలే ఎండకి రేకుల షెడ్డులో క్యాన్ పెడితే కొన్ని వారాల్లోనే బలం బాగా పోతుంది, డబ్బా మీద 10 శాతం అనే ఉంటుంది, లోపల ఎంతుందో ఎవరికి తెలుసు. దానికి ఒక ఉపాయం, ఎవరూ లేనప్పుడు 1000 లీటర్లకి 20 మిల్లీలీటర్లు పోసి ఇరవై నిమిషాలు పంపు తిప్పి టెస్ట్ చేయండి, 2 పీపీఎం పెరగాలి, 1 మాత్రమే పెరిగిందంటే మీ క్యాన్ సగం బలానికి వచ్చినట్టు, ఇక నుంచి రెట్టింపు పోసుకోండి. చిన్న క్యాన్లు కొనండి, ఇంట్లో చల్లగా చీకటిగా ఉండే మూల పెట్టండి, పిల్లలకి అందకుండా.

బ్రోమిన్ కూడా వాడతారు, 4 నుంచి 8 పీపీఎం ఉండాలి, వేడిలో బాగా నిలబడుతుంది. ఇక్కడ దొరకడం కష్టం, ధర ఎక్కువ, అందుకని దాని జోలికి పోవడం లేదు.

ఓజోన్ మెషీన్ ఉన్న టబ్ అయినా క్లోరిన్ తప్పదు. ఓజోన్ గొట్టంలో దాటిపోయే నీళ్ళ మీద పనిచేస్తుంది, మీ పక్కన కూర్చున్న మనిషి ఒంటి నుంచి వచ్చింది మీ దాకా రాకుండా ఆపేది నీళ్ళలో నిలిచి ఉండే క్లోరినే.

ఈ జాగ్రత్త ఎందుకంటే

25 నుంచి 45 డిగ్రీల మధ్య నీళ్ళలో లెజియొనెల్లా అనే బ్యాక్టీరియా పెరుగుతుంది. 1976లో ఫిలడెల్ఫియాలో ఒక హోటల్లో సమావేశానికి వచ్చిన వాళ్ళకి న్యుమోనియా వచ్చి చాలా మంది చనిపోయారు, ఆ తర్వాత కనిపెట్టారు దీన్ని. తాగితే కాదు, జెట్లు లేపే సన్నటి తుంపరని పీల్చితే ఊపిరితిత్తుల్లోకి పోతుంది. యాభై దాటిన వాళ్ళు, పొగ తాగే వాళ్ళు, షుగర్ ఉన్న వాళ్ళు మరీ జాగ్రత్తగా ఉండాలి. ఇంకోటి సూడోమోనాస్, క్లోరిన్ పడిపోయిన టబ్‌లో కూర్చుంటే ఒకటి రెండు రోజుల్లో ఒంటి మీద ఎర్రగా దురద పొక్కులు లేస్తాయి, ముఖ్యంగా తడి బట్టల కింద.

మన దగ్గర ఒక అపోహ ఉంది, వేసవిలో హీటర్ ఆపేశాం, చల్ల నీళ్ళే గదా, క్లోరిన్ ఎందుకులే అని. మే నెలలో డాబా మీద టబ్ నీళ్ళు హీటర్ లేకుండానే 33, 35కి పోతాయి, అది సరిగ్గా ఆ బ్యాక్టీరియాకి నచ్చే వేడి. హీటర్ ఆపినా క్లోరిన్ ఆపొద్దు.

హీటర్ పెట్టినప్పుడు 40 డిగ్రీలు దాటించొద్దు. ఐదేళ్ళ లోపు పిల్లల్ని దింపొద్దు, కడుపుతో ఉన్న వాళ్ళు డాక్టర్ని అడగకుండా దిగొద్దు.

రోజూ, వారం వారం

దిగే ముందు క్లోరిన్, పీహెచ్ చూడండి, రెండు నిమిషాల పని. 3 కన్నా తక్కువుంటే పోసి, పంపు తిప్పి, మళ్ళీ చూసి దిగండి. బయటికి వచ్చాక అసలైన డోసు వేయాలి, చెమట, నూనె, సబ్బు అన్నీ నీళ్ళలో కలిసింది అప్పుడే. ఎంత వేయాలనేది మనుషుల్ని బట్టి. ఇద్దరు అరగంట కూర్చుంటే ఒక లెక్క, పండక్కి అల్లుళ్ళు, పిల్లలు అంతా కలిసి దిగితే ఒక లెక్క. వేసిన మర్నాడు పొద్దున చూస్తే ఇంకా 3 మిగిలి ఉంటే మీ డోసు సరిపోయినట్టు, సున్నాకి వచ్చిందంటే చాల్లేదు.

ఎవరూ దిగకుండానే, మూత వేసి ఉంటే కూడా ఒక్క రాత్రికి సగం కన్నా ఎక్కువ పోతోందా? అప్పుడు గొట్టాల్లో జిగురు పట్టిందని అర్థం. క్రిములు ఆ జిగురు కింద దాక్కుని ఉంటాయి, పైన ఎంత పోసినా అది తాగేస్తుంది. లైన్ క్లీనర్ వేసి జెట్లు తిప్పి నీళ్ళు మొత్తం తీసేయాల్సిందే.

దిగేముందు స్నానం చేయమని ఇంటికి వచ్చిన వాళ్ళకి మొహమాటం లేకుండా చెప్పండి. ముఖ్యంగా తలకి కొబ్బరి నూనె పెట్టుకున్న వాళ్ళకి. సంక్రాంతికి, దీపావళికి నువ్వుల నూనెతో తలంటుకుని, నలుగు పెట్టుకుని నేరుగా టబ్‌లో దిగితే క్లోరిన్ మొత్తం ఆ నూనెకే ఖర్చయిపోతుంది, ఫిల్టర్ జిడ్డు పడుతుంది, పసుపు మరకలు టబ్ అంచుకి అంటుకుంటాయి. ఉతికిన బట్టల్లో మిగిలిన సర్ఫ్ వల్లే నురగ వస్తుంది చాలా సార్లు, టబ్‌కి వేసుకునే బట్టలు ఉత్త నీళ్ళలో జాడించి పెట్టుకోవడం మంచిది.

ఘాటు వాసన వస్తోంది, క్లోరిన్ ఎక్కువైంది అని చాలా మంది ఆపేస్తారు. ఉల్టా. ఆ వాసన క్లోరిన్ చెమటతో, మూత్రంతో కలిసి వాడిపోయాక వచ్చేది, క్లోరిన్ చాలనప్పుడే వస్తుంది. టోటల్ క్లోరిన్‌లోంచి ఫ్రీ క్లోరిన్ తీసేస్తే మిగిలేదే అది, 0.5 దాటితే షాక్ వేయాలి. అంటే క్లోరిన్‌ని 10 పీపీఎం దాకా ఒక్కసారి పెంచి, మూత తీసేసి, జెట్లు ఆన్ చేసి గంట వదిలేయడం. మూత మూస్తే లేచే ఆవిరి మూతనే తినేస్తుంది. మళ్ళీ 5కి వచ్చేదాకా ఎవరూ దిగొద్దు. మామూలుగా వారానికి ఒకసారి చేస్తే సరిపోతుంది, సాయంత్రం ఎండ తగ్గాక.

ఫిల్టర్ వారానికోసారి తీసి పైపుతో మడతల మధ్య కడగండి, నెలకోసారి ఫిల్టర్ క్లీనర్‌లో రాత్రంతా నానబెట్టండి. రెండు ఫిల్టర్లు కొని మార్చి మార్చి వాడుకుంటే హాయి.

కెమికల్స్ కలిపే కాడ ఒక్క క్షణం కూడా ఏమరుపాటు పనికిరాదు. యాసిడ్‌నీ క్లోరిన్‌నీ ఒకే బకెట్‌లో, ఒకే మగ్గుతో ముట్టుకోవద్దు, రెండూ కలిస్తే విష వాయువు వస్తుంది. రెండింటి మధ్య కనీసం అరగంట పంపు తిరగాలి. రెండు రకాల పొడి క్లోరిన్లు ఎప్పుడూ కలపొద్దు, అంటుకుంటాయి, పేలతాయి కూడా. నీళ్ళలో మందు వేయాలి గానీ మందు మీద నీళ్ళు పోయకూడదు. పనిమనిషికి అప్పజెప్పేటట్టయితే పక్కన నిలబడి రెండు మూడు సార్లు చేయించి చూపించండి, కళ్ళద్దాలు, గ్లౌజులు కొనివ్వండి, జాగ్రత్త విషయంలో మీకొకటి ఆమెకొకటి అని ఉండదు.

తుఫాను, కరెంటు కోత

అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మనకి ఈశాన్య రుతుపవనాలు, వాయుగుండం పట్టిందంటే కరెంటు ఎన్ని రోజులకి వస్తుందో చెప్పలేం. హెచ్చరిక రాగానే క్లోరిన్ 8, 10 దాకా పెంచి మూత గట్టిగా కట్టేయండి. కరెంటు లేని రోజుల్లో దిగొద్దు. రోజూ మూత ఎత్తి కొంచెం లిక్విడ్ పోసి శుభ్రమైన కర్రతో కలపండి. కరెంటు వచ్చాక టెస్ట్ చేస్తే క్లోరిన్ సున్నా ఉందా, ముందు షాక్, వరసగా రెండు రోజులు 3 పైన నిలబడితేనే దిగడం. నీళ్ళు జారుడుగా, వాసనగా ఉంటే ఆలోచించకుండా తీసేయండి. వాన నీళ్ళు టబ్‌లో పడితే ఆల్కలినిటీ కూడా తగ్గి ఉంటుంది, అదీ చూసుకోండి.

నీళ్ళు ఎప్పుడు మార్చాలి

టబ్ లీటర్లని 11తో భాగించి, రోజుకి దిగే మనుషుల సంఖ్యతో మళ్ళీ భాగించండి, వచ్చినన్ని రోజులు. 1500 లీటర్లు, రోజుకి ఇద్దరు అయితే 68 రోజులు. ఎవరూ దిగకపోయినా మూడు నెలలు దాటనివ్వొద్దు.

తీసేసే ముందు రెండు రోజులు క్లోరిన్ వేయడం ఆపి, మూత తీసి ఎండ తగలనివ్వండి, సున్నాకి వస్తుంది. తొందరైతే ఆక్వా షాపుల్లో చెరువుల్లో క్లోరిన్ విరగ్గొట్టడానికి అమ్మే సోడియం థయోసల్ఫేట్ కొంచెం వేస్తే చాలు. క్లోరిన్ ఉన్న నీళ్ళు కాలవలోకి గానీ పక్కోళ్ళ చెరువు వైపు గానీ వదలొద్దు, రొయ్య పిల్ల తట్టుకోదు. క్లోరిన్ పోయిన నీళ్ళు కొబ్బరి చెట్ల మొదట్లో పోసుకోవచ్చు, కరివేపాకుకీ పూల కుండీలకీ వద్దు, ఇన్నాళ్ళు వేసిన మందుల ఉప్పంతా అందులోనే ఉంటుంది.